నాలుగో పాదం

తరగతి గదిలో చివరి బెంచీ దాటగానే పెన్నేటి ఇసుక మొదలవుతుంది. అది ఎప్పుడూ అక్కడే మొదలవుతుందన్నట్టు షంషాద్ చెప్పులు విడిచి చేతబట్టుకుని నడుస్తూ ఉంటుంది; ఇసుక మీద ఎండ ఉంది గాని వేడి లేదు, పక్కన నీడ ఉంది గాని ఆ నీడకు చెట్టు లేదు, ఎగువన ఎక్కడో నీళ్ళ చప్పుడు ఉంది గాని ఏటిలో నీళ్ళు లేవు. దూరంగా, ఏటికి అడ్డంగా, ఇల్లు కట్టేవాళ్ళు ముందుగా తలుపు నిలబెట్టి తక్కిన ఇంటిని మరిచిపోయినట్టు, నల్లని కడపబండ ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. దాని మీద సుద్దముక్కతో మూడు పంక్తులు రాసి ఉన్నాయి. నాలుగో పంక్తి ఉండవలసిన చోట బండ నున్నగా, నల్లగా, అప్పుడే తుడిచిన పలకలా మెరుస్తోంది.

బండ పక్కన జంబులయ్య సారు నిలబడి ఉన్నారు.

ఆయన పోయిన సంగతి ఆమెకు తెలుసు. చలికాలంలో పోయారు, ఇప్పుడు ఎండాకాలం. తెలుసు గాని, ఈ ఎండకు వేడి లేనట్టే ఆ ఎరుకకూ బరువు లేదు. అది ఆమె చేతిలోని చెప్పుల్లాగా ఊరికే వెంట వస్తోంది.

"ఏం పాపా, ఇంత ఆలస్యంగా వస్తివి? హాజరు తీసుకొని చానాసేపాయ."

"బస్సు దొరకలేదు సార్."

"సచ్చినోళ్ళ క్లాసుకు బస్సు యాడుంటాదిలే," అంటారాయన, తన మాటకు తానే నవ్వుకుంటూ, జుబ్బా జేబులోంచి సుద్దముక్క తీసి ఠక్కున సగానికి విరుస్తారు. అది ఆయన అలవాటు. సగం తనకు, సగం బోర్డు దగ్గరికి రాబోయే పిల్లకో పిల్లోడికో. నలభై ఏళ్ళపాటు ఆయన నిండు సుద్దముక్కతో పాఠం చెప్పిన రోజు లేదని, ప్రొద్దుటూరు కళాశాలలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

షంషాద్ నడుస్తుంది. కాసేపటికి తలెత్తి చూస్తే, బండకూ తనకూ మధ్య మొదటున్న దూరంలో సగం తరిగి ఉంటుంది, సగం మిగిలి ఉంటుంది.

"సగమొచ్చినావు," అంటారు సారు అక్కణ్ణించే, గొంతు పెంచకుండా. అంత దూరం నుంచి కూడా ఆ మాట ముందు బెంచీలో కూర్చున్నదానికి వినిపించినట్టు వినిపిస్తుంది. "రా, రా. బుక్కు అచ్చేసేవాళ్ళు ఏమంటాండారు?"

అడిగేశారు. ఆమె నడుస్తూనే జవాబు చెబుతుంది, ఎందుకంటే ఈ ఇసుకలో ఆగితే దూరం పెరుగుతుందేమోనని భయం.

"లెక్కల తోవ" ఆయన రాసిన పాఠ్యపుస్తకం. తెలుగు మాధ్యమంలో లెక్కలు చదివే పిల్లలకు, లెక్కంటే కడుపులో చలి పుట్టే పిల్లలకు రాసిన పుస్తకం. దానిలో ప్రతి అధ్యాయమూ ఒక ఆటవెలదితో మొదలవుతుంది. పద్యంలో సమస్య, పద్యం కింద సాధన. పద్యం నోటికొస్తే లెక్క సగమొచ్చినట్టే అనేది ఆయన సిద్ధాంతం. ఇప్పుడు కొత్త ముద్రణ వస్తోంది, ఆయన కొత్తగా చేర్చిన చివరి అధ్యాయంతో. అనంత శ్రేణుల అధ్యాయం. ఆ అధ్యాయపు పద్యానికి మూడు పాదాలే ఉన్నాయి. మంచం మీద పడుకుని ఆ మూడు పాదాలూ షంషాద్‌కు చెప్పి, "మిగిలింది రేపు" అని కళ్ళు మూసుకున్నారాయన. తరగతిలో కూడా ఆయన అంతే, నిరూపణలో చివరి మెట్టు ఏనాడూ అదే రోజు చెప్పేవారు కాదు. "మిగిలింది రేపు" అని డస్టరు బల్ల మీద పెట్టేవారు, ఆ మిగిలినదాని కోసం మర్నాడు పిల్లలు ఒక్కరూ మానకుండా వచ్చేవాళ్ళు. ఈసారి మర్నాడు షంషాద్ వెళ్ళింది. ఆయన రాలేదు.

"సాయంత్రంలోగా నాలుగో పాదం పంపాలంట సార్. పంపకపోతే పుస్తకంలో పద్యాలన్నీ తీసేస్తారంట."

"అన్నీ యాలనో?"

"ఒక్క అధ్యాయానికి పద్యం లేకపోతే పన్ను ఊడిన నోరు మాదిరి ఉంటాదంట. అందుకని పండ్లన్నీ పీకేస్తారంట."

సారు నవ్వుతారు. ఆ నవ్వుకు బండ మీది సుద్దపొడి రాలి ఇసుకలో కలుస్తుంది. "పన్నొకటి ఊడిందని పండ్లన్నీ పీకే డాక్టరు యాడి డాక్టరమ్మా. సరే, నువ్వెందుకు పంపల్యా? నీకు ఆటవెలది కొత్తనా?"

కొత్త కాదు. కొత్త కాదన్న సంగతి ఈ లోకంలో ఆయనొక్కరికే తెలుసు. డిగ్రీ రెండో ఏడు పరీక్ష పేపరులో ఆమె రాసిన ఒక నిరూపణ చదివి ఆయన ఆమెను స్టాఫ్ రూముకు పిలిపించారు. తప్పు రాశానేమో అనుకుంటూ నిలబడితే, "పాపా, ఇది నువ్వు తెలిసి రాసినావో తెలీక రాసినావో గాని, ఈ నాలుగు వాక్యాలూ ఆటవెలది నడక నడుస్తాండాయి" అన్నారు. ఇంటి గడపలో కూర్చుని తనలో తాను పద్యాలు కట్టుకునే పిల్ల, వాటిని అమ్మకు కూడా చదివి వినిపించని పిల్ల, ఆ రోజు నేల చూసుకుంటూ, తెలిసే రాశానని ఒప్పుకుంది. ఆ తర్వాత ఆమె అదే కళాశాలలో లెక్కలు చెప్పే లెక్చరరు అయింది, ఆయన విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, పదవీ విరమణ చేసి తిరిగి ఊరికొచ్చారు. పద్యాల మాట మాత్రం వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది.

"రాసినా సార్. చానా రాసినా. ఒక్కటీ నిలబడల్యా."

"ఏదీ, చెప్పు."

ఆమె చెప్పకముందే బండ మీద పాదాలు వాటంతట అవి మెరుస్తాయి. ముందుగా ఆయన మూడు పాదాలు, ఆయన చేతిరాతలోనే, కొమ్ములు సాగదీసి, సున్నలు చక్కగా చుట్టి:

సగము నడచి, మిగులు సగములో సగమును
మరల నడచుచుండ మరల మిగులు
తోవ తరుగుగాని తుద కానరాదమ్మ

వాటి కింద ఆమె పాదం ఒకటి వస్తుంది: చేరలేడు వాడు, చేరలేడు. వచ్చి, చూస్తుండగానే, పలక మీది తడిలా ఆరిపోతుంది. దాని చోట ఇంకొకటి: చేరె చేరె నతడు, చేరె నిపుడు. అదీ ఆరిపోతుంది.

"రెండింటికీ యతి కుదిరింది గదా," అంటారు సారు, తెలియనట్టు.

"యతి కుదిరింది సార్, మతి కుదరల్యా. చేరలేడంటే లెక్క అబద్ధమవుతాది. ఆ సగాలన్నీ కలిపితే తోవ మొత్తం అయిపోతాది గదా, సరిగ్గా ఒకటి. చేరినాడంటే పద్యం అబద్ధమవుతాది. ఏ రోజు చూసినా వానికి ముందర ఇంతో అంతో మిగిలే ఉంటాది. ఒక్క పాదంలో ఆ రెండూ నిజం ఎట్లా చెప్పేది?"

ఆమె మళ్ళీ తలెత్తి చూస్తుంది. మిగిలినదాంట్లో సగం తరిగింది. ఇప్పుడు ఆయన జుబ్బా గుండీలు కనిపిస్తున్నాయి. పై గుండీ ఎప్పట్లాగే కింది కాజాలోకి పోయి, జుబ్బా ఒక పక్కకు ఎగిసి ఉంది. చనిపోయాక కూడా సరిచేసుకోలేదని ఆమెకు అదోలా సంతోషం కలుగుతుంది.

అప్పుడు ఏటి గట్టు మీదినుంచి మేక ఒకటి దిగివస్తుంది. ముందు సగమే ఉన్న మేక. తల, మెడ, గంట, ముందరి కాళ్ళు రెండు, ఆ వెనక ఏమీ లేదు. అయినా ఏ ఇబ్బందీ లేనట్టు తీరిగ్గా ఇసుకలో వాసన చూసుకుంటూ వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి నిలబడుతుంది. షంషాద్‌కు ఆశ్చర్యం కలగదు. ఆ మేక ఎవరో ఆమెకు తెలుసు. కడప జిల్లాలో లెక్కలు చదివిన వాళ్ళందరికీ తెలుసు.

"లెక్కల తోవ" మొదటి ముద్రణలో ఇద్దరు కాపరులు ఆరు మేకలను సమంగా పంచుకునే లెక్క ఒకటుంది. పద్యం ఏటితో మొదలైంది గనక, యతి స్థానంలో ఏ అన్న అక్షరం రావాలి గనక, ఆరు అంటే ఒప్పదు గనక, సారు ఆ రాత్రికి రాత్రి "ఏటి గట్టు మీద ఏడు మేకలు మేసె" అని దిద్ది అచ్చుకు పంపారు. జవాబుల పేజీలో మూడు అన్నది మూడుగానే ఉండిపోయింది. పుస్తకం వచ్చిన వారానికల్లా పిల్లలు ఆయన్ను దోవలో ఆపి అడగడం మొదలుపెట్టారు: సార్, ఆ అర మేక యాడికి పోయింది? తోటి అధ్యాపకులైతే ఆయన స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే మేకల్లా "మే... మే..." అని అరిచేవారు, యతి కుదిరింది మతి చెదిరింది అని పాట కట్టారు. పరిశోధన పత్రాలు రాయవలసిన మనిషి పద్యాలు రాసుకుంటున్నాడని పైవాళ్ళ దాకా వెళ్ళింది. ఆచార్య పదవికి ఎంపిక జరిగేటప్పుడు, మీ పత్రాలేవని అడిగిన పెద్దమనిషి ముందు ఆయన ఈ పుస్తకమే పెట్టి, "లెక్కల్లో మూడుసార్లు తప్పినోడు ఇది చదివి పాసై ఇప్పుడు బళ్ళో లెక్కలే చెప్తాండాడు, వాడే నా పత్రం సార్" అన్నారు. ఆ ఏడు పదవి రాలేదు. ఆ తర్వాత ఏడూ రాలేదు. విరమణకు కొద్దిగా ముందు, ఇంక ఇవ్వకపోతే బాగుండదన్నట్టు వచ్చింది.

"దీన్ని రెండో ముద్రణలో సరిదిద్దినా గదా," అంటారు సారు మేక తల నిమురుతూ. "ఆకులేరి తినుచు ఆరు మేకలు మేసె. యతికి ఆరు కుదిరేదానికి ఏటినే తీసేసినా. ఏరు పాయ, గట్టు పాయ, ఈ పిచ్చిది మాత్రం మొదటి ముద్రణలోనే ఉండిపోయి సగం శరీరంతో తిరుగుతాంది. సూడు, దీనికి రెండే పాదాలు. ద్విపద."

ఆ మాటకు షంషాద్ నవ్వుతుంది, ఏట్లో నవ్వుతుంది, బెంచీల మధ్య నవ్వుతుంది. ఏరు ఎప్పుడు మళ్ళీ తరగతి గది అయిందో గమనించదు, బెంచీలు ఇసుకలో సగం కూరుకుని వరసగా ఉన్నాయి, ప్రతి బెంచీ మీదా ఎవరో తమ పేరు కంపాసు మొనతో చెక్కిన గుర్తులున్నాయి, ఆ చెక్కిన గుంటల్లో నుంచి నీళ్ళు సన్నగా ఊరుతున్నాయి. ఎగువన వినిపించిన చప్పుడు అదే కాబోలు.

నవ్వు ఆగాక ఆమె అడగదలచుకున్నది అడుగుతుంది. ఆయన బతికుండగా అడగలేకపోయింది, సిగ్గు వల్ల కొంత, ఆయనకు నొప్పి కలుగుతుందేమోనని కొంత.

"సార్, మీరు వయసులో ఉండేటప్పుడు ప్రధాన సంఖ్యల మీద పని చేస్తాండ్రి గదా. సగంలో ఇడిసిపెట్టి ఈ పుస్తకాలు పట్టుకుంటిరి. పొరపాటు చేసినానని ఎప్పుడన్నా అనిపించిందా?"

సారు చేతిలోని సుద్దముక్కను మళ్ళీ సగానికి విరిచి, ఆ చిన్న సగాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తారు.

"అనిపించింది పాపా. ఎందుకు అనిపించదు? ప్రతి ఏడూ ఎవురో ఒకరు ఆ దోవలో ఇంకో అడుగు ముందరికి పోయినారని విన్నప్పుడల్లా అనిపించేది. ఒకసారేమయిందో తెల్సా, జమ్మలమడుగు బస్సులో పోతాంటే ముందు సీట్లో ఒకామె, బిడ్డ ఊరుకోకపోతే ఊపుతా పద్యం పాడుతాంది. ఏంది అని వింటే మన భిన్నాల పద్యం. జోలపాట అనుకున్నాది ఆ తల్లి. వాళ్ళన్న చదువుతాంటే విని నేర్చుకున్నాదంట. హారం, లవం అనేటప్పుడు రాగం తీసి పాడుతాంటే ఆ బిడ్డ నిద్రపాయ. క్లాసులో చానామందిని నిద్రపుచ్చినా గాని, అంత మర్యాదగా ఎప్పుడూ నిద్రపుచ్చల్యా. ఆ పొద్దునుంచి అనిపించడం తగ్గింది."

"పూర్తిగా పోలేదా సార్?"

"సగం పాయ. మిగిలినదాంట్లో ఇంగో సగం పాయ." ఆయన కళ్ళు చిన్నవవుతాయి. "నీకు తెల్సు గదా ఆ వరస."

ఆమె నడుస్తుంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం ఆయనే నేర్పారు, గణాలతో: ఒకటి, రెండు, మూడు, నాల్గు, ఐదు, ఆరు, ఏడు, అన్నీ సూర్యగణాలే, ఒక్కో మాటకు ఒక్కో అడుగు సరిపోతుంది, ఎనిమిది, తొమ్మిది ఇంద్రగణాలు, కాస్త అంగ సాచాలి, పది దగ్గరికి వచ్చేసరికి అడుగు తడబడుతుంది, పదికి ఏ గణమూ చాలదు, పక్కమాట చెయ్యి పట్టుకుంటే తప్ప అది పద్యంలో నిలబడలేదు. "పదో తరగతి మాదిరి," అనేవారాయన, "ఒంటరిగా ఎవురూ దాటలేరు." ఇప్పుడు కూడా పది అనగానే షంషాద్ కాలు ఇసుకలో దిగబడి ఆగిపోతుంది.

బండ దగ్గరే ఉంది. రెండు మూరల దూరం. సారు ముఖం మీది ముడుతలు, కనుబొమల్లో పట్టిన సుద్ద, అన్నీ కనిపిస్తున్నాయి. చెయ్యి చాస్తే అందేంత ఉంది గాని ఆమె చెయ్యి చాచదు.

"ఏమైంది?"

"భయమేస్తాంది సార్." ఇది ఆమె ఎవరికీ చెప్పని మాట, సంపాదకుడికి ఫోనులో చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. "పాదం కుదరకపోవడం ఒక్కటే కాదు. కుదిరినా పంపలేనేమో. ఆ పద్యం మీది. మూడు పాదాలు మీవి, నాలుగోది నాదైతే అది అతుకు గదా. చదివినోళ్ళకు తెలిసిపోతాది, ఈడిదాకా జంబులయ్య సారు, ఈడినుంచి ఎవురో అని. మీ మాదిరి రాద్దామని చూస్తే మీ గొంతును దొంగిలించినట్టుంటాది. నా మాదిరి రాద్దామంటే, నా మాదిరి అంటే ఏందో నాకే తెలీదు. పుస్తకం మీద నా పేరు వేస్తామని కూడా అన్నారు వాళ్ళు, వద్దని చెప్పినా."

సారు మేకను పక్కకు పంపుతారు. అది రెండు పాదాలతో నడుచుకుంటూ బెంచీల వెనక్కి పోతుంది, గంట చప్పుడు కాసేపు ఉండి సన్నగిల్లుతుంది. ఆయన మూడో పాదం మీద వేలు పెడతారు.

"ఇది చదువు."

"తోవ తరుగుగాని తుద కానరాదమ్మ."

"మొదటి అక్షరం ఏంది?"

"తో."

"యతి స్థానంలో?"

"తు."

"తో, తు ఒకటేనా?"

"కాదు సార్. మైత్రి ఉంది."

"ఆ. మైత్రి. అదే అక్షరం రావల్లంటే మన భాషలో పద్యాలు పదో పన్నెండో ఉండేవి. పాదం మొదలైన చోట ఒక అక్షరం ఉంటాది. కొంత దూరం పోయి, పద్యం ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటాది. పీల్చుకున్నాక వచ్చే అక్షరం మొదటిదాన్ని గుర్తుపట్టల్ల. అంతే. అది మొదటిదానికి నకలు కానక్కర్లేదు, గొంతు మార్చి దాని మాదిరి పలకనక్కర్లేదు. అయినోళ్ళ బిడ్డ అయితే చాలు." ఆయన వేలు పాదం నడుమ ఉన్న ఖాళీ మీద ఆగుతుంది, గాని, తుద అనే మాటల మధ్య, బండ నలుపు కనిపించే సన్నని చోట. "నేను పోయింది ఈడికే పాపా. ఈ ఊపిరి పీల్చుకునే చోటికి. ఇదేమంత పెద్ద చోటు కాదు. నువ్వు ఆ పక్కన ఉండే అక్షరానివి."

షంషాద్ ఆ నల్లని చోటును చూస్తూ ఉండిపోతుంది.

"ఇంగ పేరు సంగతి," అంటారు సారు, గొంతు మార్చి, క్లాసులో పిల్లల్ని ఆటపట్టించేటప్పటి గొంతుతో. "జంబులయ్య. షంషాద్. జకారానికీ షకారానికీ ఏమవుతాది?"

ఆమె పెదవుల మీద నవ్వు వస్తుంది, అక్కరలేకపోయినా. "సరసయతి సార్. జ, ష చెల్లుతాయి."

"రెండింటికీ అకారమే, రెండింటికీ పక్కన సున్న కూడా ఉంది. మీ నాయన నీకు పేరు పెట్టేటప్పుడు నన్నడిగి పెట్టలేదే. మీ ఇంట్లో ఆయన మసీదుకు పోయి పెట్టినాడు, మా ఇంట్లో మా యవ్వ కొండకు పోయి మొక్కొచ్చి పెట్టింది, అయినా యతి కుదిరింది. కుదిరినదాన్ని కాదనేదానికి నువ్వెవురు?"

బండ ఇప్పుడు ఆమెకు ఎంత దగ్గరగా ఉందంటే, దాని చల్లదనం ముఖానికి తగులుతోంది. రెండు మూరలు ఒక మూర అయింది, మూర జానెడైంది, జానెడు బెత్తెడైంది; ఆమె నడవడం లేదు, అయినా సగం సగంగా తరుగుతూనే ఉంది; బెత్తెడు వేలెడై, వేలెడు సుద్దగీత మందమై, ఆ మందంలో సగమై. సారు తన చేతిలోని సుద్దముక్కను చివరిసారి విరుస్తారు. గోరంత ముక్క. దాన్ని ఆమె వైపు చాపుతారు.

"చేరినట్టా, చేరనట్టా అని నువ్వు అడుగుతాండావు గదా. నేనొకటి అడుగుతా. ఇప్పుడు నువ్వు నాకు ఎంత దూరంలో ఉండావు?"

ఆమె చూస్తుంది. వేలికొనకూ వేలికొనకూ మధ్య ఎంతుందో కంటికి తెలియదు. ఏమీ లేదనడానికి లేదు, ఎందుకంటే ఆయన లేరు. ఉందనడానికీ లేదు, ఎంతని అడిగితే చెప్పడానికి రాదు. ఎంత చిన్న దూరం చెప్పినా అంతకన్నా తక్కువే ఉంటుంది.

"దూరం కాదు సార్," అంటుంది మెల్లగా, మాట దానంతట అదే నోటికి వస్తుండగా, "చేరువలో ఉండా."

సారు తల ఊపరు, సెబాసనరు. సరైన జవాబు విన్నప్పుడు ఆయన ఎప్పుడూ చేసే పనే చేస్తారు: కళ్ళజోడు తీసి, జుబ్బా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఆ జవాబు చెప్పిన మనిషిని కొత్తగా చూస్తారు.

"ఆ మాటను రెండుసార్లు చదువు. చేరువ. అందులో ముందర ఏముంది?"

చేరు, అనబోతుంది ఆమె. అనబోతూ ఉండగానే సారు డస్టరు తీసి బల్ల మీద పెడతారు. బల్ల ఎక్కడిదో, ఎప్పుడొచ్చిందో. గది నిండా వెలుతురు, బెంచీల గుంటల్లోంచి ఊరిన నీళ్ళు ఒకదానితో ఒకటి కలిసి పాదాల కిందికి వస్తున్నాయి, వెనక ఎక్కడో గంట, మేక మెడలోదో, పీరియడు అయిపోయిందని కొట్టేదో.

"మిగిలింది రేపు," అంటారు జంబులయ్య సారు.

గంట కాదు. గ్లాసుల చప్పుడు.

షంషాద్ బల్ల మీదినుంచి తల ఎత్తుతుంది. స్టాఫ్ రూములో పంకా తిరుగుతోంది. సెలవు రోజు మధ్యాహ్నం, కళాశాల అంతా ఖాళీ, చెంప కింద పెట్టుకుని పడుకున్న ప్రూఫు కాగితం మీద మూడు పాదాలు, వాటి కింద ఖాళీ. ఆమె ఇంకేమీ చూడకుండా కలం తీసుకుని, ఆ ఖాళీలో, కొట్టివేతలు లేకుండా, తన చేతిరాతతోనే రాస్తుంది:

చేరలే దనకుము, చేరువయ్యె.

వేళ్ళ మీద గణాలు లెక్కపెడుతుంది. అయిదూ సూర్యగణాలే. మొదట చే, ఊపిరి తర్వాత చే. అబద్ధం లేదు, ఏ పక్కనా. ఫోనుతో ఫొటో తీసి సంపాదకుడికి పంపుతూ, కింద ఒక వాక్యం చేర్చి, దాన్ని చెరిపి, మళ్ళీ రాస్తుంది: అట్ట మీద రెండు పేర్లూ వేయండి, యతి కుదురుతుంది.

అప్పుడు చూస్తుంది బల్ల అవతల. కళాశాలలో చాలా ఏళ్ళుగా టీలు తెచ్చి ఇచ్చే ఓబులమ్మ రెండు చిన్న గ్లాసులు పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. రెండింటిలోనూ టీ సగం సగమే ఉంది.

"నిద్రపోతాంటివని లేపల్యా మేడమ్. వన్ బై టూ చేయిస్తి."

"నేనొక్కదాన్నే గదా ఉండేది ఓబులమ్మక్కా. వన్ బై టూ ఎందుకు?"

ఓబులమ్మ ఒక క్షణం ఆ రెండో గ్లాసు వైపు, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తుంది. "అయ్యో, అవును గదా. ఈ కాగితాలు బల్ల మీద పరిస్తే మీకూ మా సారుకూ ఎప్పుడూ వన్ బై టూనే. చెయ్యికి అలవాటైపాయ."

"పోనీలే. అది నువ్వు తాగు."

ఓబులమ్మ కుర్చీలో కూర్చోదు. గడప మీద కూర్చుని, గ్లాసెత్తి, సగం తాగి, ఆగి, గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకుంటుంది.

"ఇంగా ఉంది మేడమ్," అంటుంది.